నిలబడి తినే అల్లుడు

ఆదివారం పొద్దున్నే మావగారు కుర్చీని కిటికీ దగ్గరికి జరిపారు. రెక్క తెరిచి, వెలుతురు సరిగ్గా గడ్డం మీద పడేలా కుర్చీని కాస్త ఇటు తిప్పారు. మగ్గులో వేడినీళ్లు, భుజాన తువ్వాలు, గిన్నెలో నురగ. జీవితమంతా సెలూన్ నడిపిన మనిషి. దాన్ని వేరేవాళ్లకు అప్పగించి కూతురి ఇంటికి వచ్చేశాక ఆయనకు మిగిలిన గిరాకీ అల్లుడొక్కడే.

సరిగ్గా అప్పుడే అల్లుడు స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు. గడ్డం నున్నగా ఉంది. చెవి కింద మాత్రం కాస్త నురగ మిగిలింది.

"మళ్లీ నువ్వే గీసుకున్నావా?"

"ఆలస్యమవుతుందని, మావయ్యా."

"ఆదివారం దేనికయ్యా ఆలస్యం? పళ్లేమన్నా లేచి పారిపోతాయా?"

అల్లుడు కట్టుడు పళ్లు చేస్తాడు. డాక్టర్లు పంపే అచ్చుల్ని బట్టి మైనంతో పన్ను చెక్కి, పింగాణీ పూసి, కొలిమిలో కాల్చి, పక్క పంటికి తీసిపోని రంగు తెస్తాడు. మావగారి నోట్లో ఉన్న రెండు వరసలూ అతని చేతిపనే. "నువ్వు పెట్టిన పళ్లు కదా, నిన్ను తిట్టాలంటే మొహమాటపడుతున్నాయి" అని ఆయన తరచూ అంటుంటారు. ఇవాళ అనలేదు.

భార్య టేబుల్ మీద రొట్టె, గుడ్లు పెట్టి పిలిచింది. అతను పళ్లెం చేత్తో పట్టుకుని, అలమారాకు భుజం ఆనించి నిలబడే తిన్నాడు.

"కూర్చోవచ్చుగా" అంది ఆమె.

"నడుం పట్టేసింది. ఇలాగే హాయిగా ఉంది."

"నడుం పట్టేసినవాడు పడుకుంటాడు గానీ ఇలా కాపలా కాస్తాడా?" అన్నారు మావగారు. "అమ్మాయ్, ఆ గుడ్లకు దొంగల భయం లేదని చెప్పు మీ ఆయనకి."

అతను నవ్వాడు. నవ్వడం సులువు. కుర్చీయే కష్టం.

కూర్చుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. రెండు కాళ్ల మధ్య, లోపలెక్కడో, వేలు పెట్టి చూపించలేని చోట, ఎవరో కాలిన గోలీ ఒకటి పెట్టి దాని మీద బరువంతా వేయమన్నట్టుంటుంది. లేచాక కూడా చాలాసేపు ఆ గోలీ అక్కడే ఉంటుంది. మూత్రానికి వెళ్తే మంట. భార్యతో దగ్గరగా గడిపితే మర్నాడంతా నొప్పి. అందుకే పరుపు మరీ మెత్తగా ఉందని చెప్పి హాల్లో చాప పరుచుకున్నాడు. అలా చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఏం కదిలిందో చూడకుండా దిండు తీసుకుని బయటికొచ్చేశాడు.

నొప్పి ఉన్నది ఒక చోట. ఆ చోటుకి తను పలకగలిగే పేరు లేదు. ఉన్న పేర్లు రెండు రకాలు: వీధిలో తిట్టుకోవడానికి వాడేవి, ఆస్పత్రి కాగితాల మీద రాసేవి. ఇంట్లో టేబుల్ దగ్గర, పెళ్లాం ముందు, మావగారి ముందు పలకగలిగిన మాట ఒక్కటీ అతనికి దొరకలేదు. మాట దొరకని నొప్పిని మనిషి ఒంటరిగా మోస్తాడు. మోస్తూ మోస్తూ అది తన స్వభావమే అనుకోవడం మొదలుపెడతాడు.

మొదటి డాక్టరు ఇన్ఫెక్షన్ అన్నాడు, మాత్రలు మార్చి మార్చి మింగించాడు. రెండో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "అన్నీ బాగున్నాయి, అదృష్టవంతులు" అన్నాడు. ఆ అదృష్టవంతుడు బయటికొచ్చి, ఆటోలో కూర్చోలేక ఇంటిదాకా నడిచాడు. మూడో డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా?" అని అడిగాడు. ఆ తర్వాత అతను డాక్టర్లను మానేసి ఫోన్లో వెతికాడు. కింది కండరాలను బిగించి పట్టుకునే వ్యాయామం ఒకటి దొరికింది. పని చేస్తూనే, ఎవరికీ తెలియకుండా, రోజంతా బిగించాడు. నొప్పి ఇంకా పెరిగింది.

ల్యాబ్‌లో తన బల్లను చెక్కపెట్టెల మీదికి ఎత్తించుకుని నిలబడే పని చేస్తున్నాడు. ఒక కాలి మీద కాసేపు, ఇంకో కాలి మీద కాసేపు. తోటివాళ్లు 'కొంగ' అని పేరు పెట్టారు. "కొంగగారూ, చేప పడిందా?" అంటారు. అతను ఆ పేరుకి పలుకుతాడు కూడా.

వంటింటి తొట్లో వేడినీళ్లు పారబోసిన చప్పుడు వినిపించింది. మావగారు కుర్చీని మళ్లీ టేబుల్ దగ్గరికి జరిపి తువ్వాలు మడతపెట్టారు. అతను అటు చూడలేదు. మధ్యాహ్నం భార్య సినిమాకు వెళ్దామంటే ఏం సాకు చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

*

ఓర్చుకోలేక మళ్లీ ఒకరి దగ్గరికి వెళ్లాడు. ఆ నాలుగో డాక్టరు వయసులో చిన్నది. ఎక్కువ ప్రశ్నలు అడిగింది, తక్కువ మందులు రాసింది. "మీకు కావాల్సింది ఫిజియోథెరపీ" అని ఒక చిరునామా ఇచ్చింది.

ఆ వారం మధ్యలో ఒకరోజు ల్యాబ్‌లో సెలవడిగి వెళ్లాడు. అది కాన్పుల ఆస్పత్రి వెనక భాగం. గోడల నిండా పసిపిల్లల బొమ్మలు. బల్లల మీద నిండు చూలాళ్లు, ఒడిలో బిడ్డలతో తల్లులు. అతను లోపలికి రాగానే ఒకావిడ కాస్త జరిగి, "కూర్చోండి అన్నయ్యా, మీవాళ్లు లోపలున్నారా?" అని అడిగింది.

"ఊఁ" అన్నాడు. నిలబడే ఉన్నాడు. పేరు పిలిచినప్పుడు ఆ 'మీవాళ్ల'కు బదులు తనే లోపలికి నడిచాడు. వెనక నిశ్శబ్దం వీపుకి తగిలింది.

థెరపిస్టు నడివయసు మనిషి, పొట్టి జుట్టు, చప్పుడు చేయని బూట్లు. కుర్చీ చూపించలేదు. తనూ నిలబడే మాట్లాడింది. అతను చేసే పనేమిటో కనుక్కుని చేతికొక పెన్ను ఇచ్చింది.

"ఇది మీ బ్రష్ అనుకోండి. పంటి అంచుకి రంగు వేస్తున్నారు. చేసి చూపించండి."

అతను బల్ల మీదికి వంగాడు. కన్ను చిట్లించాడు. పెన్ను మొన గాలిలో నిలిచింది.

"అలాగే ఉండండి. ఇప్పుడు ఊపిరి ఎక్కడుంది?"

అతను వెతుక్కున్నాడు. ఊపిరి లేదు. గొంతు దగ్గర ఆగిపోయి ఉంది.

"పొట్ట?"

బిగిసి ఉంది.

"కింద?"

అక్కడ కూడా పిడికిలి ఒకటి ఉందని అతనికి మొదటిసారి తెలిసింది. దాన్ని తెరవాలని చూశాడు. ఎలా తెరవాలో తెలియలేదు.

"చెయ్యి కదలకూడదని ఊపిరి పట్టడం మీ పనిలో అలవాటైంది. పని అయిపోయాక కూడా పట్టే ఉంచుతున్నారు" అందామె. "కటిలో అడుగున ఊయల గుడ్డలాంటి కండరాలుంటాయి. మగవాళ్లకీ ఉంటాయి, ఎవరూ చెప్పరు గానీ. ఇక్కడికొచ్చే ఆడవాళ్లలో చాలామందికి అవి వదులైపోతాయి, బిగించడం నేర్పిస్తాను. మీ సంగతి వేరు. బిగించడం మీకు బాగా వచ్చు, వదలడమే రాదు. ఫోన్లో చూసి ఏమన్నా వ్యాయామాలు చేశారా?"

అతను తలవంచుకున్నాడు.

"ఆపేయండి. ఇంకో మాట. ఈ నొప్పి మీరు ఊహించుకున్నది కాదు. నిజమైన నొప్పే."

అతనికి ఎందుకో ముక్కు మండింది. ఇన్నాళ్లుగా ఎవరైనా ఈ ఒక్క మాట అంటారేమోనని తిరిగానని అప్పుడు అర్థమైంది.

వచ్చేసారి లోపలి కండరాలు పరీక్షించాలని ఆమె చెప్పింది. చేతికి తొడుగు వేసుకుని, మలద్వారం గుండా, ఒక వేలితో. బిగుసుకున్న చోట్లను మెల్లగా నొక్కి వదిలించాలి. అతను ఒప్పుకుంటేనే, మధ్యలో వద్దంటే అక్కడే ఆపేస్తుంది. "మీ ఆవిణ్ణి తోడు తెచ్చుకోండి. ఇంట్లో చేయాల్సినవి ఆమెకీ చూపిస్తాను."

"ఇంట్లో ఎవరికీ తెలియదు."

"నొప్పిని దాచడానికి కూడా కండరాలే కావాలి" అందామె.

బయట కౌంటరు దగ్గర మళ్లీ ఎప్పుడొస్తారని అడిగారు. ఫోన్ చేస్తానన్నాడు. చేయకూడదని అప్పటికే నిర్ణయించుకున్నాడు.

*

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి హాల్లో మావగారి తోలుసంచి, జిప్పు వేసి, తలుపుకి ఆనించి ఉంది. భార్య వంటింటి గడపలో చేతిలో తడిగుడ్డతో నిలబడి ఉంది.

"ఏంటిది?" అన్నాడు.

"నాన్న వెళ్లిపోతున్నారు. పెద్దవాళ్లుండే హాస్టలట. పేరు రాయించుకుని మరీ వచ్చారు."

"జైలేం కాదమ్మా" అన్నారు మావగారు కుర్చీలోంచి. "గంట కొడితే టీ ఇస్తారు. చెస్ బోర్డు ఉంది. పొద్దస్తమానం టీవీ. ఇంతకన్నా ఏం కావాలి?"

"ఇప్పుడెందుకు మావయ్యా?"

"ఊరికే."

"ఊరికే ఏంటి నాన్నా?" భార్య గొంతు లేచింది. "మీరు చెప్పకపోతే నేను చెప్తా. ఏమండీ, ఆయన ఎదురుగా కూర్చుని మీరు భోజనం చేసి ఎన్నాళ్లయింది? పలకరిస్తే గోడకి ఆనుకుని జవాబిస్తారు, పోలీసులు పట్టుకొచ్చినవాడిలా. ఆదివారం ఆయన కుర్చీ వేసుకుని ఎదురుచూస్తుంటే దొంగచాటుగా గీసుకుని వస్తారు. పోనీ నన్నంటే వదిలేశారు. పరుపు మెత్తగా ఉందన్నారు, సరే అన్నాను. ఆయనేం చేశారని? తినే నాలుగు ముద్దలకి లెక్క చూసుకుంటున్నారా?"

"ఛ! ఏం మాటలవి?"

"మరి ఏ మాటలు మాట్లాడాలో మీరే చెప్పండి. మీరు మాట్లాడరు, మమ్మల్ని మాట్లాడనివ్వరు. ఈ ఇంట్లో మీకు అసలు ఎవరితో పని?"

"ఆగవే తల్లీ" అన్నారు మావగారు. "అల్లుడి తప్పేం లేదు ఇందులో." కుడిచెయ్యి చాచి వేళ్లు విప్పారు. వేళ్లు వణుకుతున్నాయి. కాసేపటికి ఆగుతాయేమోనని చూసినట్టు అలాగే చాచి ఉంచారు. ఆగలేదు.

"ఇదీ సంగతి. ఈ చేతిలో కత్తి పెట్టి గొంతు దగ్గరికి తెస్తే నేనే పారిపోతాను, నువ్వెంత? పైకి అనకుండా తప్పుకు తిరిగావు, అది నీ మర్యాద. కానీ కుర్చీ చూడగానే నీ మొహం ఎలా అయిపోతుందో నేను చూశానయ్యా. ఎన్ని మొహాలు చూశాను నేను! ఆ మాత్రం తెలియదా? చెయ్యి పోయినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నువ్వు రోజూ అలా నిలబడాల్సిన కర్మేంటి?"

అతను ఆ చేతిని చూశాడు. తన గొంతు దగ్గర ఊపిరి ఆగిపోయి ఉంది. అది అతనికి తెలుస్తూనే ఉంది. ఇప్పుడు నోరు విప్పకపోతే సంచి గుమ్మం దాటుతుంది. దాటాక ఏ మాట చెప్పినా ఎవరూ నమ్మరు.

"చెయ్యి కాదు మావయ్యా."

"పోనీలే. ఎందుకులే ఇప్పుడు..."

"చెయ్యి కాదు. నేను కూర్చోలేను."

"నడుమేగా. చెప్పావుగా."

"నడుం కాదు. అబద్ధం చెప్పాను."

"మరి?"

"కింద... నొప్పి."

"కిందంటే? పాదాలా?"

"పైకి."

"మోకాళ్లా?"

"ఇంకా పైకి."

"నడుమంటే కాదంటివి?"

"అంత పైకి కాదు."

మావగారి వేలు తన ఒంటి మీదే దారి వెతుక్కుంటూ పాదం నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకి వెళ్లి, మళ్లీ కిందికి దిగుతూ గాలిలో ఆగిపోయింది. భార్య తడిగుడ్డను టేబుల్ మీద పెట్టేసింది.

"మొలలా?" అన్నారు ఆయన మెల్లగా.

"కాదు."

"క్యాన్సరా?" అని భార్య అడిగింది. ఆ మాట ఆమె నోట్లోంచి రాలేదు, పెదవులు కదిలాయంతే.

"కాదు, కాదు. పరీక్షలన్నీ చేశారు. కండరాలు బిగుసుకుపోయాయట." అతను ఫ్రిజ్ తలుపు వైపు చూస్తూ చెప్పుకుపోయాడు. వీధి మాట రెండుసార్లు వచ్చింది, ఆస్పత్రి మాట ఒకసారి వచ్చింది, మిగతాదంతా 'అక్కడ', 'అది' అంటూ గడిచింది. గోలీ సంగతి చెప్పాడు. మంట సంగతి చెప్పాడు. కాన్పుల ఆస్పత్రిలో నిలబడ్డ సంగతి చెప్పాడు. వచ్చేసారి ఏం చేస్తారో చెప్పి, వెళ్లనని కూడా చెప్పాడు. చాప ఎందుకు పరుచుకున్నాడో చెప్పాల్సి వచ్చినప్పుడు మావగారు గభాల్న లేచి, "నేను కాస్త గాలి పీల్చుకుని వస్తా" అని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

భార్య కుర్చీలో కూర్చుండిపోయింది.

"ఏడాది దాటింది" అంది. "రోజూ పొద్దున స్నానం చేసి అద్దం ముందు నిలబడేదాన్ని. లావయ్యానా, ముసలిదాన్నయ్యానా, ఒంటికి వాసనేమన్నా వస్తోందా అని. తప్పెక్కడుందా అని నా ఒళ్లంతా వెతుక్కున్నాను. తప్పు నీ ఒంట్లో ఉందా? నువ్వొక్క మాట చెప్పి ఉంటే..."

ఆమె అతన్ని 'నువ్వు' అని పిలిచి చాలా ఏళ్లయింది. పెళ్లికి ముందు అనేది.

"ఎలా చెప్పను?" అన్నాడు.

"ఇప్పుడు చెప్పావు కదా, అలాగే." ఏడుస్తూనే ఆమెకు నవ్వొచ్చింది. "పైకి, ఇంకా పైకి, అంత పైకి కాదు అని. నేనైతే పాదాల దగ్గర మొదలుపెట్టేదాన్ని కాదుగా!"

అతనూ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఇంకేదో అయింది. అలమారాకు ఆనుకుని, పెద్ద మనిషి, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆమె లేచి వచ్చి అతని పక్కనే, అలాగే అలమారాకు ఆనుకుని నిలబడింది.

మావగారు తలుపు తట్టి మరీ లోపలికొచ్చారు. వచ్చి అల్లుడి ముందు నిలబడ్డారు.

"ఒక్కటి నిజం చెప్పు. నా మనసు కోసం చెప్పకు. నా చెయ్యి వణకడం నువ్వు చూశావా, లేదా?"

అతను ఆలోచించాడు. టీ గ్లాసు, పేపరు, చొక్కా గుండీ. రోజూ కళ్లముందు కదిలిన చెయ్యే. పంటి రంగులో వెంట్రుకవాసి తేడాని పట్టుకునే కళ్లు తనవి.

"చూడలేదు మావయ్యా."

ఆయన మొహంలో ఊరట కనిపించింది. "చూశావా అమ్మాయ్, చూడలేదట!" అని కూతురి వైపు తిరిగారు. సంచి తీసుకుని తన గదిలోకి వెళ్తూ, "ఆ హాస్టల్ టీ కూడా నీళ్లలా ఉందిలే" అన్నారు.

అతనికి ఊరట కలగలేదు. చూసి తప్పుకోవడం కన్నా అసలు చూడకపోవడమే పెద్ద తప్పుగా తోచింది. ఏడాదికి పైగా ఇంట్లోనే ఉన్నాడు. నిజానికి అతను ఉన్నది నొప్పి ఉన్నంత చోట్లో మాత్రమే. అందులో ఇంకొకరికి చోటు లేదు. ఎదుట ఒక మనిషి చెయ్యి పట్టుతప్పుతున్నా లేదు.

*

ఆస్పత్రికి ముగ్గురూ వెళ్లారు. మావగారిని రావద్దంటే వినలేదు. "నేను బయటే ఉంటాలే. పసిపిల్లల్ని చూసి చాలారోజులైంది" అన్నారు.

లోపల భార్య అతని తల దగ్గర నిలబడింది. థెరపిస్టు ముందుగా ప్రతిదీ చెప్పి, అడిగి, అప్పుడే చేసింది. మొదట అతను రాయిలా బిగుసుకున్నాడు. "పొట్టలోకి పీల్చండి. బయటికి నెట్టొద్దు, దానంతటదే పోనివ్వండి" అందామె. ఒకచోట వేలు ఆగగానే అతను అదిరిపడ్డాడు. అదే గోలీ. ఇన్నాళ్లు ఏ పరీక్షకూ దొరకనిది ఒకరి వేలికి దొరికింది.

"ఇదేనా?"

"ఇదే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేలు అక్కడే, కదలకుండా, బలవంతపెట్టకుండా ఉంది. అతను ఊపిరి తీశాడు, వదిలాడు. ఎన్నో ఊపిరికో ఆ చోటు మంచు కరిగినట్టు కొద్దిగా, చాలా కొద్దిగా, వదులైంది. భార్య చెయ్యి అతని పొట్ట మీద లేచి దిగుతోంది.

"ఇదేం మంత్రం కాదు" అంది థెరపిస్టు చేతులు కడుక్కుంటూ. "నెలలు పడుతుంది. బాగైనట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది, అప్పుడు భయపడకండి. పూర్తిగా పోతుందని మాటివ్వలేను, తగ్గుతుందని మాత్రం అనుకుంటున్నాను. పని మధ్యలో ఆగి ఊపిరి ఎక్కడుందో చూసుకోవడం అలవాటు చేసుకోండి."

ఇంట్లో చేయాల్సినవి భార్యకు చూపిస్తుండగా అతను వరండాలోకి వచ్చాడు. మధ్యాహ్నం కావడంతో బల్లలన్నీ ఖాళీ. మావగారు మాత్రం కూర్చోలేదు. గోడ పక్కన కాగితపు కప్పులో టీ పట్టుకుని నిలబడి ఉన్నారు. టీ కప్పు అంచు దాటి ఆయన వేళ్ల మీదికి తొణుకుతోంది.

"కూర్చోకపోయారా మావయ్యా?"

"నువ్వొస్తే ఎలాగూ నిలబడతావుగా. నేనొక్కణ్ణి కూర్చుని నీతో తలెత్తి మాట్లాడాలా? మెడ పట్టేస్తుంది."

అతను కప్పు తీసుకుని కిటికీ గూట్లో పెట్టాడు. జేబురుమాలుతో ఆయన వేళ్లు తుడిచాడు. తుడిచాక వదల్లేదు. ఆ వణుకు తన అరచేతిలోకి వచ్చింది. చిన్న చప్పుడులా, ఆగకుండా.

"దీన్ని కూడా ఎవరికైనా చూపిద్దాం."

"దీనికేముంది? వయసు. నీలాంటిదేం కాదు. నొప్పి లేదు, ఏం లేదు."

అతను ఆయన మొహం వైపే చూస్తూ ఉన్నాడు. ఆయన చూపు తప్పించి గోడ మీది పసిపిల్ల బొమ్మ వైపు తిరిగారు.

"ఎవరితోనూ చెప్పలేదు నేను" అన్నారు చివరికి. "మా నాన్నకీ ఇలాగే మొదలైంది. చివర్లో చెంచా కూడా పట్టుకోలేకపోయాడు. భయమేస్తోందయ్యా."

వరండా చివర తలుపు తెరుచుకుంది. భార్య వీళ్లిద్దరినీ చూసి, అడుగు వేయబోయి అక్కడే ఆగింది.

అతను గోడకి వీపు ఆనించి, ఆయన చెయ్యి అలాగే పట్టుకుని, మెల్లగా అడిగాడు.

"ఎప్పటినుంచి, మావయ్యా?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు.